ముసలమ్మ మీద రంపం

గ్లెన్ ఫారిక్,
15 జూన్ 1959, సోమవారం.

లాక్లన్‌కు,

ఈ ఏడు మన ఊరి ఆటల పోటీలకి నువ్వు దిగుతున్నావని మీ అమ్మ రాసింది. నువ్వు రాయలేదు. గ్లాస్గోలో ఓడలు కడుతూ కడుతూ చెవులతో పాటు నోరు కూడా పోయిందేమో. నేను బాగానే ఉన్నాను. కుడి మోకాలు బాగాలేదు. పొయ్యిలోకి పీట్ మట్టి ఇటికలు సగం కోశాను, మిగతా సగం వాన కోస్తోంది.

సంగతికి వస్తాను. ఛాంపియన్‌షిప్‌లో ఆఖరి పందెం మాను విసరడమని నీకు తెలుసు. ఆ మాను మన ముసలమ్మే. ఇరవై అడుగుల లార్చ్ దుంగ. ఎండి తేలిక పడకుండా ఇప్పటికీ ఏటి మడుగులోనే పడుకోబెడుతున్నారు. దాన్ని 1931లో నేను గాల్లో పల్టీ కొట్టించి తిప్పాను. ఆ తర్వాత ఒక్కడు తిప్పలేదు. ఒకసారి తిరిగిన మాను మీద రంపం పెట్టకూడదు, అది మీ ముత్తాత నాటి కట్టుబాటు. ఎవడూ తిప్పలేని మానునయితే లావు కొస నుంచి ఒక అడుగు కోసి మళ్ళీ వేయించవచ్చు.

ఇప్పుడు కమిటీ పెద్ద మర్డో మన్రో ఏమంటున్నాడో తెలుసా? చలికాలం మీటింగులో లేచి, "అది మనిషి తిప్పే మాను కాదయ్యా, ఎవడూ ఎప్పుడూ తిప్పలేదు, కోసేద్దాం" అన్నాడట. ఇరవై ఎనిమిదేళ్ళు గొణుగుతూ వచ్చిన మాట ఈసారి గొంతెత్తి అన్నాడు. తలలూపారట. ఈ ఆగస్టులో అందరూ మూడేసి సార్లు వేసి ఓడిపోతే రంపం బయటికి వస్తుంది. అంటే నేను అబద్ధాలకోరునని మూడు వేల మంది ముందు రంపంతో చెప్పడం.

ఒక్కటే అడ్డు ఉంది. ఆటగాళ్ళలో ఒక్కడు వద్దన్నా కొయ్యకూడదు. అప్పుడు నిండు మానుతోనే తలా ఒక్కసారి వెయ్యాలి. అందులోనూ తిరగకపోతే ఆ ఏటికి ఆ పందెంలో ఎవరికీ పాయింట్లు లేవు. పాయింట్లు వదులుకుని వద్దనేవాడు ఎవడుంటాడు, నాకు తెలియదు. నాకు కావలసింది దాన్ని తిప్పేవాడు.

తిప్పేట్టయితే రా. తిప్పలేకపోతే రాకు.

నీ మేనమామ,
ఫార్కర్ గిల్లీస్


గోవన్, గ్లాస్గో,
22 జూన్ 1959.

ఫార్కర్ మావయ్యకు,

నీ ఉత్తరం అమ్మకు కూడా చదివి వినిపించాను. ఆఖరి వాక్యం దగ్గర, "మా అన్నయ్య అచ్చం అలాగే మాట్లాడతాడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ముందే చెప్పనందుకు ఏమీ అనుకోకు. చెప్పి, తీరా ఓడిపోతే ఎలాగని భయం. యార్డు వెనక ఖాళీ జాగాలో పాత టెలిగ్రాఫ్ స్తంభం ఒకటి దొరికింది. పని దిగాక దాన్ని ఎత్తుతున్నాను. మొన్న పోలీసు వచ్చాడు.

"ఎక్కడ కొట్టుకొచ్చావ్ దీన్ని?" అన్నాడు.

"కొట్టుకురాలేదండీ, విసురుతున్నా."

"ఎవరి మీదికి?"

తీరా చూస్తే ఆయనదీ మన కొండల వైపే, స్కై దీవి. కోటు తీసి గోడ మీద వేసి, నేను నిలబెడుతుంటే కొస పట్టుకున్నాడు. అయినా మావయ్యా, అది తిరగడం లేదు. సగం లేచి పక్కకి ఒరిగిపోతోంది. రాయి విసరడంలో, సుత్తి తిప్పడంలో నేను ఫరవాలేదు. సొర్లీ మన్రో నాకంటే మేలు. మర్డో కొడుకే. అతన్ని నేను దాటాలంటే మాను పందెంలోనే దాటాలి. నువ్వెలా వేశావో కాస్త రాయి.

నీ మేనల్లుడు,
లాక్లన్


గ్లెన్ ఫారిక్,
2 జులై 1959.

లాక్లన్‌కు,

నువ్వు చేతులతో లాగుతున్నావు. నాకు ఇక్కడి నుంచే కనబడుతోంది. చేతులు పట్టుకోవడానికి, అంతే. తిప్పేది నడుము.

సన్న కొస అరచేతుల్లో, లావు కొస ఆకాశంలో. మానును మెడకి ఆనించు, చెంప తగలాలి. గరుకుగా ఉంటుంది, ఉండనీ. అది ముందుకి వాలడం మొదలుపెడుతుంది. వాలనీ. దాని కింద నువ్వు పరుగెత్తు. నువ్వు దాన్ని తీసుకెళ్ళడం కాదురా, అది నిన్ను తీసుకెళ్ళాలి. తర్వాత టక్కున ఆగు. నువ్వు ఆగుతావు, అది ఆగదు. అప్పుడు మడమల నుంచి మెడ దాకా ఉన్న బలమంతా ఒక్కసారి పైకి. లావు కొస నేలని గుద్దాలి, సన్న కొస దాని మీదుగా దూకి నీకు ఎదురుగా, గడియారంలో పన్నెండు మీద ముల్లులా పడాలి. ఎంత దూరం అని ఎవడూ కొలవడు. తిన్నగా పడిందా లేదా, అంతే.

నేను వేసిన రోజు వాన. వాన అంటే ఇళ్ళలోకి ఏరు వచ్చిన వాన. జనమంతా టీ డేరాలోకి పోయారు. అందులో మర్డో మన్రో ఒకడు, మూడుసార్లు ఓడి ముందే పోయాడు. మైదానంలో నేను, నా వెనక జడ్జీ, తిత్తిబూర ఊదే బూరవాడొకడు మిగిలాం. జడ్జీ అరిచి చెప్పాడు, కప్పు నా చేతిలో పెట్టాడు. ఆ చలికాలమే న్యుమోనియాతో పోయాడు. బూరవాడు ఆస్ట్రేలియా పోయాడు. టీ తాగినవాడు మాత్రం చావకుండా ఇక్కడే ఉన్నాడు.

నేను ఆ మైదానంలో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళయింది. వాళ్ళొచ్చి క్షమించమని అడిగేదాకా పెట్టను. నువ్వు పెట్టు.

ఓట్స్ జావ తాగు. పట్నం రొట్టె తినకు, దాని నిండా గాలే.

ఫార్కర్ గిల్లీస్


గోవన్,
28 జులై 1959.

మావయ్యా,

నడుము అన్నావు చూడు, అదే. స్తంభం పదిసార్లు వేస్తే ఏడుసార్లు తిరుగుతోంది. చుట్టుపక్కల మేడల మీద ఆడవాళ్ళు కిటికీల్లో మోచేతులు ఆనించి చూస్తున్నారు. తిరిగితే చప్పట్లు, తిరగకపోతే, "ఏం బాబూ, ఇంటికెళ్ళి అన్నం తిని రా" అని ఒకావిడ. స్తంభం వేరు, ముసలమ్మ వేరని నాకు తెలుసు.

రెండు వారాల క్రితం ఆర్గైల్ వైపు చిన్న ఆటల్లో సొర్లీ మన్రోని కలిశాను. రాయి పందెంలో నన్ను చితక్కొట్టి, సాయంత్రం వాడే నా వేళ్ళకి కట్టు కట్టాడు. మంచివాడే మావయ్యా, వాళ్ళ నాన్న ఎలాంటివాడైనా.

తిప్పలేకపోతే రావద్దన్నావు. న్యాయమే. అందుకని ఆటల ముందు రోజు నీ ఇంటికి రాను. మన్రోల కొట్టంలో ఆటగాళ్ళకి గడ్డి పరుపులు వేస్తున్నారట, అక్కడే పడుకుంటాను. తిప్పాకనే నీ గడప తొక్కుతాను.

లాక్లన్


గ్లెన్ ఫారిక్,
3 ఆగస్టు 1959.

లాక్లన్ మెక్‌ఫీ,

ఉత్తరం అందింది. మంచం దులిపి ఉంచాను, ఎలుకలు పడుకుంటాయి. మన్రోల గడ్డి మెత్తగా ఉంటుంది. వాళ్ళ ఉప్పు తిని, వాళ్ళ కొట్టంలో పడుకుని, తెల్లారి వాళ్ళ మాట కాదనేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నీ ఇష్టం.

ఫా. గి.


గ్లెన్ ఫారిక్,
22 ఆగస్టు 1959, శనివారం సాయంత్రం.

లాక్లన్ మెక్‌ఫీ,

నేను గుట్ట అవతల నుంచి ఇంటికి చేరేసరికి పోస్టు పంచే ఎఫీ వచ్చి చెప్పింది. ఆవులకి పాలు పితకాలని మధ్యలో లేచి వచ్చిందట. ఆమె గుమ్మంలో నిలబడి ఉండగానే రాస్తున్నాను, రాసి ఆమె చేతికే ఇస్తాను.

అందరూ మూడేసి సార్లు వేశారట. ఎవడికీ తిరగలేదట. మర్డో రంపం తెచ్చాడట. "అప్పుడు మీవాడు తిన్నగా వెళ్ళి, మర్డో చేతిలో రంపం వాడే అందుకున్నాడు ఫార్కరన్నా, నా కళ్ళతో చూశా" అంది. నువ్వు సొర్లీకి రెండు పాయింట్లు వెనకబడ్డావనీ, మాను పొట్టిదైతే నువ్వు తిప్పేస్తావనీ, కప్పు నీదేననీ ఊరంతా అనుకుంటోందట.

ఇంకెవడు కోసినా నేను తట్టుకునేవాణ్ణి. మా చెల్లెలి కొడుకు కోశాడు.

కప్పు బాగా తోముకో. మీ అమ్మకి చెప్పు, ఆమె మీద నాకు కోపం లేదు. నాకు ఉత్తరాలు రాయకు.

ఫార్కర్ గిల్లీస్


గోవన్,
23 ఆగస్టు 1959.

మావయ్యా,

ఆదివారం పూట ఉత్తరమేమిటని అమ్మ గొణుగుతోంది. రేపటిదాకా ఆగలేను. చేతుల చర్మం లేచిపోయింది, రాత ఇలాగే ఉంటుంది.

నిన్న అయిదున్నరకి నీ ఇంటికి వచ్చాను. తలుపు మూసి ఉంది. కుక్క ఒక్కటే పలకరించింది. బూరల మోత వినబడకుండా పీట్ కోసే గుట్ట అవతలికి పోయి ఉంటావని అనుకున్నాను. ఆరింటికి ఆఖరి బస్సు. అందుకే రాస్తున్నాను.

ముందు చెప్పాల్సింది ముందు చెబుతాను. నేను తిప్పలేదు.

నాలుగు పందేలయ్యేసరికి సొర్లీకి నాకంటే రెండు పాయింట్లు ఎక్కువ. మాను పందెం గెలిస్తే అయిదు. మొత్తం ఆరుగురం. మూడేసి సార్లు వేశాం. నాకు రెండోసారి చాలావరకు లేచి, పక్కకి పోయింది. మిగతావాళ్ళకి అదీ లేదు. అప్పుడు మర్డో రంపం పట్టుకుని వచ్చాడు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు. అడగాలి కాబట్టి అడిగాడు.

అబర్డీన్ నుంచి వచ్చిన పెద్దాయన, "కొయ్యండి బాబూ, టీ చల్లారిపోతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా ఒక్క క్షణం ఊరుకున్నాను. అది నీకు చెప్పాలి. ఒక అడుగు తగ్గితే నేను తిప్పుతానని నా చేతులకి తెలుసు. ఈ రెండు మూడు నెలలూ ఆ స్తంభంతో చేసింది అదే పని.

వెళ్ళి మర్డో చేతిలోంచి రంపం తీసుకున్నాను. జనం నేనే కోస్తాననుకున్నారు. దాన్ని గడ్డి మీద పెట్టి, దాని మీద కూర్చున్నాను. కిల్ట్ పావడా కట్టుకుని రంపం మీద కూర్చోవడం తెలివైన పని కాదు మావయ్యా.

"నాకుంది అభ్యంతరం" అన్నాను.

మర్డో వంగి, మెల్లగా, "ఒరే అబ్బాయ్, కోస్తే కప్పు నీదేరా. లెక్క తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసు."

"మరేంటి నీ బాధ?"

"అది మా మావయ్య తిప్పిన మాను."

అబర్డీన్ పెద్దాయన ఏదో తిట్టాడు. నాకు వినబడలేదు.

నిండు మానుతో తలా ఒక్కసారి. నా వంతు వచ్చింది. నువ్వు రాసింది రాసినట్టు చేశాను. చెంప ఆనించాను. అది నన్ను తీసుకెళ్ళింది. ఆగాను. లాగాను. లావు కొస నేలని గుద్దింది, మాను నిటారుగా నిలబడింది. నిజంగా నిలబడింది మావయ్యా, ఎటు పడాలా అని ఆలోచిస్తున్నట్టు. తర్వాత నా వైపే వచ్చింది. పరుగెత్తాను.

మిగతా నలుగురూ వేశారు, లాభం లేదు. ఇక సొర్లీ ఒక్కడే. వాడు వెయ్యకపోయినా కప్పు వాడిదే. మర్డో అడ్డం వెళ్ళి, "నీకేం అవసరంరా, నడుం విరగ్గొట్టుకుంటావ్, వదిలెయ్" అన్నాడు.

"పక్కకి జరుగు నాన్నా" అన్నాడు సొర్లీ.

తిప్పాడు. ఒంటిగంట వైపు కాస్త ఒరిగింది గానీ, తిరగడం మాత్రం తిరిగింది. మూడు వేల మంది ఒక్కసారే అరిచారు. అది నీకు గుట్ట అవతలికి కూడా వినబడే ఉండాలి.

మావయ్యా, ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఫలితం చెప్పాల్సింది మర్డో. చెప్పే గొట్టం నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎవరో, "ఏంటయ్యా, నిద్రపోయావా" అని అరిచారు. అప్పుడు టోపీ తీశాడు. తీసి ఇలా అన్నాడు: "ముసలమ్మను సొర్లీ మన్రో తిప్పాడు. ముసలమ్మ తిరగడం ఇది రెండోసారి."

రెండోసారి అన్నాడు. నా రెండు చెవులతో విన్నాను. ఇక దాని మీద రంపం పెట్టేవాడు లేడు.

కప్పు పోయింది. నువ్వు రావద్దన్నావు, వచ్చాను, తిప్పలేకపోయాను. కోపం ఉంటే తిట్టు, కానీ రాసి తిట్టు.

లాక్లన్


గోవన్,
26 ఆగస్టు 1959.

మావయ్యా,

నీ శనివారం ఉత్తరం నిన్న అందింది. నా ఆదివారం ఉత్తరం నీకీపాటికి అందే ఉంటుంది. నేను చెప్పాల్సింది అయిపోయింది. నీ తర్వాతి ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుందని ఆశిస్తున్నాను.

లాక్లన్


గ్లెన్ ఫారిక్,
5 సెప్టెంబరు 1959.

లాక్లన్‌కు,

నువ్వడిగినట్టే ఇది పొడుగ్గా ఉంటుంది. నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను.

మొదటిది. నేను రాసింది తప్పు. ఎఫీ ఆదివారం చర్చి నుంచి పరుగున వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఫార్కరన్నా, మిగతా సగం చెప్తా విను" అని చెప్పి, "నీ ఉత్తరం వెనక్కి ఇమ్మని మాత్రం అడక్కు, బండి పోయింది" అంది. నేను ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి కుక్క తప్ప ఎవరూ లేరు, దానితో కూడా మాట్లాడలేదు. రావద్దని నేనన్న మాటని నువ్వలా తీసుకుంటావని నాకు తట్టలేదు. నీ చేత పని చేయించడానికి అన్నాను. మా నాన్న నాతో అలాగే అనేవాడు. అది కూడా తప్పే అయి ఉంటుంది.

రెండోది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా తెలియదు. 1931లో ఆ మాను తిరగడం నేను చూడలేదు.

వాన అని చెప్పాను కదా. లాగిన ఊపుకి కాళ్ళు జారి బోర్లా పడ్డాను. మొహమంతా బురద. కళ్ళు తుడుచుకుని లేచేసరికి మాను గడ్డి మీద ఉంది. వెనక జడ్జీ పన్నెండు, పన్నెండు అని అరుస్తున్నాడు. ఆయన అన్నాడు, నేను నమ్మాను. ఆయన పోయాక నమ్మడం నా ఒక్కడి మీదే పడింది. మర్డో కాదన్న ప్రతిసారీ నేను గట్టిగా అరిచింది అందుకే. వాడి నోరు మూయడానికి కొంత, నా లోపల ఇంకొకడున్నాడు, వాడి నోరు మూయడానికి కొంత. ఇరవై ఎనిమిదేళ్ళు.

నీ ఆదివారం ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిరిగిందని ఉంది. ఎలా తిరిగిందో లేదు. నిన్ను తప్పు పట్టడం లేదు, కాగితం మీద అది పట్టదు. పంతానికి పోయి మైదానానికి వెళ్ళని వాణ్ణి నేను.

మంగళవారం సొర్లీ మన్రో మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు. తలుపు వాడికి చాలలేదు.

"ఏం కావాలి?" అన్నాను.

"మీతో చెయ్యి కలపాలండీ."

"చెయ్యి తర్వాత. ముందు నాకు చూపించు."

"ఏం చూపించమంటారు?"

"తిప్పి."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. "ఇప్పుడాండీ? వచ్చే ఏడు ఆటలకి రండి, ముందు వరసలో కుర్చీ వేయిస్తా."

"నాకు అరవై ఎనిమిది. కుర్చీ నాకేం చూపిస్తుంది?"

వాడు టోపీ పెట్టుకున్నాడు. వెళ్ళి గంటలో తిరిగి వచ్చాడు. ట్రాక్టరు నడిపింది ఎవరనుకున్నావు, మర్డో. మడుగులోంచి ముసలమ్మను తీసి గొలుసు కట్టి తెచ్చారు, నీళ్ళోడుతూ ఉంది. నేను వెనకే మైదానం గేటు దాకా నడిచాను, మర్డో అక్కడ దిగాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మేమిద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం.

"మోకాలెలా ఉంది?" అన్నాడు.

"బాలేదు."

"నాదీ."

అంతే. ఇద్దరం కలిసి లోపలికి నడిచాం. ఒకరికంటే ఒకరం మెల్లగా.

సొర్లీ చొక్కా తీశాడు. నేను వెళ్ళి వాడి వెనక జడ్జీ చోట నిలబడ్డాను. మొదటిసారి లేవలేదు. రెండోసారి పక్కకి పోయింది. మూడోసారి మోకాళ్ళ మీద పడ్డాడు. "చాల్లే నాయనా" అన్నాను. నా కోసం ఒకడు నడుం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. "మీరు మాట్లాడకండి" అన్నాడు నాతో. మన్రో రక్తం.

నాలుగోసారి తిప్పాడు.

నేను చూశానురా లాక్లన్. నేననుకున్నంత వేగంగా పోదు అది. లావు కొస గడ్డిలో దిగుతుంది. సన్న కొస లేచి, వాడి తల దాటి, ఇంకా పైకి పోయి, నువ్వు వేసినప్పుడు నిలబడ్డ చోటే నిలబడుతుంది. ఊపిరి తీసి వదిలేంత సేపు. ఆ తర్వాత ఎవరూ తొయ్యకుండా, తనంతట తనే, అటు వైపు వంగుతుంది. తడి చెక్క నుంచి నీళ్ళు చినుకుల్లా రాలాయి. పడ్డప్పుడు నా కాళ్ళ కింద నేల అదిరింది. నువ్వు దాన్ని అంత దూరం తీసుకెళ్ళావంటే, మిగిలిన ఆ ఒక్క ఊపిరి సేపు నీ తప్పు కాదు.

పన్నెండు అన్నాను. గట్టిగా. ఆ ఖాళీ మైదానంలో మేం ముగ్గురమే.

ఇప్పుడు నీ సంగతి. ఇద్దరం తిప్పాం దాన్ని, నేనూ ఆ కుర్రాడూ. మాకు కప్పులిచ్చారు. నీ చేతికి కప్పు వస్తుందని తెలిసి నువ్వు వద్దన్నావు. ఆ పని నా వయసులో నేను చేసేవాణ్ణా అని ఈ నాలుగు రోజులూ ఆలోచించాను. చేసేవాణ్ణి కాదు. నేనయితే కోసి, గెలిచి, దాని గురించి జీవితాంతం అరిచేవాణ్ణి. ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా నన్ను ఆపి మాట్లాడితే, నేను 1931 సంగతి ఎత్తడం లేదు. మా చెల్లెలి కొడుకు రంపం మీద కూర్చున్నాడని చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి కూడా మళ్ళీ చెబుతున్నాను.

ఒక్క మాట మిగిలింది. మాను పడ్డాక సొర్లీ గడ్డి మీద వెల్లకిలా పడుకుని రొప్పుతున్నాడు. నేనూ మర్డో దాని పక్కన నిలబడ్డాం. నాలో ఇన్నాళ్ళూ ఉన్నది నోటి దాకా వచ్చింది. వాడినే అడిగాను. ఇంకెవణ్ణడగను.

"మర్డో, ఆ వానలో నాది కూడా ఇలాగే పోయి ఉంటుందంటావా?" అన్నాను.

నేను చూడలేదని వాడికి అప్పుడు అర్థమయింది. దాంతో ఏమైనా చెయ్యగలడు వాడు. మాను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఇంకెలా పోతుంది ఫార్కర్," అన్నాడు. "అటు వైపు పోవడానికి దానికి ఒక్కటే దారి కదయ్యా."

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు. ఓడల దగ్గర నీ తోటివాళ్ళకి కూడా.

ముసలమ్మను మొదటిసారి తిప్పిన నీ మేనమామ,
ఫార్కర్ గిల్లీస్